తెర వెలగని శనివారం

లక్కోజు విశాలాక్షిని నేను మొదటిసారి కలుసుకున్నది విన్నిపెగ్‌లో, పెంబినా రోడ్డు మీద బస్సు కోసం ఆగే అద్దాల గదిలో. ఫిబ్రవరి మాసం, బయట మంచుగాలి కొడుతోంది. మా అమ్మాయి రూపతో ఫోనులో మాట్లాడడం ముగించి తలెత్తేసరికి, ఎదుటి బెంచీ మీద నడివయసు స్త్రీ ఒకామె రెప్ప వేయకుండా నా నోటివైపు చూస్తూ కూర్చుని ఉంది.

“ఏమీ అనుకోకండి. పై వరుస ఎక్కడ కట్టించుకున్నారండీ?” అన్నది.

“ఏ పై వరుస?”

“పళ్ళండి. ముందువి రెండూ రవ్వంత పొడుగు పెట్టారు. అందుకే ‘స’ దగ్గర గాలి ఈల వేస్తోంది. కట్టినాయన తొందరలో ఉన్నట్టున్నాడు.”

తెనాలిలో తల్లుల చేత, తరువాత వాళ్ళ కూతుళ్ళ చేత శషసహలు పలికించి పదవీ విరమణ చేసి, ఈ ఊళ్ళో మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఉంటున్నదాన్ని. కోపం రావలసిన సందర్భమే, వచ్చింది కూడా. కాని బస్సు రాలేదు. ఆ చలిలో బయటికి వెళ్ళి నిలబడగలిగినంత కోపమూ కాదది. కూర్చున్నాను. కూర్చున్నందువల్ల ఆమె కథ తెలిసింది.

విజయవాడ వన్‌టౌన్‌లో ఆమె తండ్రి కంసాలి. పళ్ళకు బంగారు తొడుగులు చేయడంలో ఆయనకు పేరుండేది. ఆయన పక్కన కూర్చుని మైనం చెక్కడం నేర్చిన విశాలాక్షి, పెళ్ళయిన తరువాత పంటి వైద్యులకు కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో చేరింది. స్పిరిటు దీపం మీద చిన్న కత్తిని వెచ్చజేసి, మైనపు ముద్దలోనుంచి దంతాన్ని బయటికి తీయడం ఆమె వృత్తి. ఎవరైనా నవ్వితే చాలు, ఏ పన్ను పుట్టుకతో వచ్చినదో, ఏది బల్ల మీద పుట్టినదో చెప్పగలిగేది. భర్త దక్షిణామూర్తికి ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వం సిఫారసు చేసే ప్రావిన్స్ నామినేషన్ మీద ఇక్కడికి వచ్చే వీలు దొరకడంతో ఇద్దరూ విన్నిపెగ్ చేరారు. ఆయన కూరగాయల గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నారు. ఆమె సాండ్‌విచ్‌లు ప్యాక్ చేసే కంపెనీలో, రోజంతా చల్లగదిలో నిలబడి రొట్టె ముక్కల మధ్య ఆకులు పేరుస్తున్నది.

“పని కష్టమని కాదు టీచర్‌గారూ,” అన్నది ఆమె, పరిచయం బాగా ముదిరిన తరువాత ఒకనాడు మా వంటింట్లో వేళ్ళు చాపి చూపిస్తూ. “చివర్ల తెలివి పోతోందండి. మొన్న మా ఆయన చొక్కా గుండీ కుడుతుంటే సూది గుచ్చుకుంది. రక్తం చూశాక తెలిసింది. ఇంకో రెండు చలికాలాలు ఆ గదిలో ఉంటే, ఈ చేతులు పళ్ళు చెక్కే చేతులు కావు.”

ఆ ఊరి ల్యాబులన్నీ కెనడా సర్టిఫికేట్ ఏదని అడిగి పంపేశాయి. ఒక్క ల్యాబు యజమాని మాత్రం, సర్టిఫికేట్ తరువాత తెచ్చుకోవచ్చు, ముందు పని చూపించమన్నాడట. కాని ఇప్పుడు ఇక్కడ మైనాన్ని చేతితో ఎవరూ చెక్కడం లేదు. కంప్యూటరు తెర మీద దవడను అటూ ఇటూ తిప్పుతూ, తెర మీదనే పన్ను చెక్కాలి. విశాలాక్షి ఆ సాఫ్ట్‌వేర్‌ను వీడియోలు చూసి సాధన చేసింది. ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు మాత్రం ఆ బరువు మోయలేకపోయింది. దవడను ఒక్కసారి తిప్పితే తెర బిగుసుకుపోయేది. ఆమె టీ కాచుకుని వచ్చేసరికి కదిలేది. బొమ్మల భారమంతా వేరుగా మోసే గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేస్తే సరిపోతుందని మా అల్లుడు జయదేవ్ చెప్పాడు. విష్ణు అనే కాలేజీ విద్యార్థి తన ఆటల కంప్యూటరులోని కార్డును అమ్ముతుంటే దంపతులిద్దరూ వెళ్ళి తెచ్చుకున్నారు.

కార్డు శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చింది. పరీక్ష శనివారం. మధ్యాహ్నం పన్నెండింటికి ల్యాబువారు ఒక రోగి దవడ నమూనాను మెయిల్‌లో పంపుతారు. పన్ను ఊడిన సందులో, అటు ఇటు పళ్ళను ఆధారం చేసుకుని, మూడు పళ్ళ వంతెన చెక్కి సాయంత్రం ఐదింటిలోగా తిరిగి పంపాలి. ఆలస్యమైతే చూడరు. ఆ మాట వాళ్ళు ముందే స్పష్టంగా రాశారు.

“సూచనలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. చదివితే తెలుస్తుంది కానీ, తెలిసిందనుకుని ఒక ముక్క వదిలేస్తానేమో. మీరు పక్కన కూర్చుని చదవండి టీచర్‌గారూ,” అని విశాలాక్షి కోరింది. అందువల్ల శనివారం ఉదయం నేను వాళ్ళింట్లో ఉన్నాను.

భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టె పక్క పలక విప్పి ఉంది. గదిలో ఇంకా కర్పూరం వాసన. కొత్త పనిముట్టు ఏది వచ్చినా ఒక రాత్రి దేవుడి ఎదుట ఉండి తీరాలన్నది వాళ్ళింటి పద్ధతి. పెట్టె నెత్తిన కుంకుమబొట్టు ఉంది. కార్డు మీద ఉన్న రెండు ఫ్యాన్ల నడుమ ఇంకొక బొట్టు. ఇటుకంత పొడవున్న ఆ కార్డును దక్షిణామూర్తిగారు పురిటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒంటి మీద మందపాటి ఉన్ని స్వెట్టరు, కాళ్ళ కింద కార్పెట్.

విన్నిపెగ్ చలికాలంలో హీటరు ఇంట్లోని గాలిని పీల్చి పిప్పి చేస్తుంది. తలుపు పిడి ముట్టుకుంటే నిప్పురవ్వ టిక్కుమంటుంది. దక్షిణామూర్తిగారు కార్డును పెట్టెలోకి దించి, పొడవాటి గాడిలో నొక్కుతున్న క్షణంలో ఆ టిక్కుమనే చప్పుడు వినబడింది. ముగ్గురమూ విన్నాము.

స్విచ్చి వేశారు. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. కాసేపటికి ‘నో సిగ్నల్’ అనే చిన్న పెట్టె ఒకటి ఆ నల్లదనంలో ఈ మూలనుంచి ఆ మూలకు, ఆ మూలనుంచి ఈ మూలకు తాపీగా తేలసాగింది.

విశాలాక్షి జయదేవ్‌కు వీడియో కాల్ చేసింది. శనివారమైనా అతనికి ఆఫీసు డ్యూటీ ఉంది.

“టెన్షన్ పడకండి ఆంటీ. ముందు మానిటర్ వైరు ఎక్కడ పెట్టిన్రో చూపించండి,” అన్నాడు. అతనిది వరంగల్.

“పాతదాంట్లోనే ఉంది బాబూ.”

“అదే మరి! ఆ పోర్టు మదర్‌బోర్డుది. కార్డు వేసినంక బొమ్మ కార్డు నుంచే రావాలె. కింద అడ్డంగా ఉన్నయి చూడండి, దాంట్లకు మార్చండి.”

దక్షిణామూర్తిగారు ఊపిరి వదిలారు. “చూశావా? వైరు! నువ్వు పొద్దుటినించీ నా వంక అలా చూస్తున్నావు,” అన్నారు భార్యతో.

“నేనేమన్నాను?”

“అనలేదు. చూశావు.”

వైరు మార్చారు. స్విచ్చి వేశారు. ‘నో సిగ్నల్’ మళ్ళీ తేలింది.

“సరే, కార్డుకు సెపరేట్ పవర్ వైరు ఉంటది, పైన. అది పూర్తిగా కూర్చున్నదా? గట్టిగా నొక్కండి, టక్ అనాలె.”

నొక్కితే నిజంగానే టక్కుమంది. అది సగమే దిగి ఉంది. ఈసారి ఫ్యాన్ల హోరు కూడా మారింది. ముగ్గురమూ తెరవైపు వంగాము. నల్లతెరలో మా ముగ్గురి ముఖాలు కనిపించాయి, అంతే.

“ఒక పని చేయండి. కార్డు తీసేసి, వైరు పాత పోర్టుకే పెట్టి ఆన్ చేయండి.”

అలా చేయగానే ప్రకాశం బ్యారేజీ ఫోటోతో పాత తెర చక్కగా వెలిగింది. కంప్యూటరు బాగానే ఉంది. చెడినది కార్డు అయినా కావాలి, కార్డు కూర్చునే గాడి అయినా కావాలి. జయదేవ్ ప్రశ్నలు మొదలుపెట్టాడు.

“కార్డు మీద ఏమన్న పడ్డదా ఆంటీ? నీళ్ళు, చాయ్?”

“ఏమీ పడలేదు బాబూ.”

“చేయి జారి కింద పడ్డదా?”

“లేదు లేదు.”

“విష్ణు దగ్గర పని చేసిందా?”

“మా కళ్ళ ముందే ఆట ఆడి చూపించాడు.”

“మరి... కార్పెట్ మీద నిలబడి పెట్టిన్రా? స్టాటిక్ ఏమన్న కొట్టిందా?”

విశాలాక్షి భర్తవైపు చూసింది. ఆయన తన స్వెట్టరువైపు చూసుకున్నారు.

“కొడితే ఏమవుతుంది బాబూ?” అని ఆయనే అడిగారు, గొంతు తగ్గించి.

“చాలాసార్లు ఏం కాదు అంకుల్. ఒక్కోసారి చిప్ పోతది. పోతే ఇంక...” అంటూ అతను వెనక్కి తిరిగి ఎవరితోనో మాట్లాడాడు. “అత్తయ్యా, ఇక్కడ మా సర్వర్ డౌన్ అయింది. మల్ల నేనే చేస్తా,” అని కాల్ పెట్టేశాడు.

విశాలాక్షి ఫోనును బల్ల మీద బోర్లించింది.

“పొద్దున్నే చెప్పాను, ఆ స్వెట్టర్ తీసెయ్యమని,” అన్నది విశాలాక్షి.

“మైనస్ ముప్పైలో బనీనుతో నిలబడమంటావా?”

“ఇంట్లో ఉందా మైనస్ ముప్పై?”

“నీ చూపులో ఉంది.”

ఆయన నవ్వించబోయారు. ఆమె నవ్వలేదు. దానితో ఆయన కుర్చీలో కూలబడి, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య దూర్చుకున్నారు. ఆ చేతులు ఇక దేనినీ ముట్టుకోకుండా ఉండడం మేలని అనుకున్నారు కాబోలు.

పన్నెండు కాగానే మెయిల్ వచ్చింది. విష్ణు ఊళ్ళో లేడు. జయదేవ్ ల్యాప్‌టాప్ ఆఫీసుది. బయటి సాఫ్ట్‌వేర్ దానిలోకి ఎక్కదు. లైబ్రరీలోని కంప్యూటర్లకూ అదే నిబంధన. కార్డు లేకుండానే తెరిచి చూద్దామని విశాలాక్షి సాఫ్ట్‌వేర్‌ను నొక్కింది. దవడ సగం వచ్చి ఆగింది. కింది పళ్ళ వరుస, పైన తెల్లని శూన్యం. అలాగే బిగుసుకుపోయింది.

నేను సూచనలు చదవసాగాను. చదవడం తప్ప నా చేతిలో ఏముంది? కొరికే తలం ఎంత మందం ఉండాలి, పక్క పంటిని ఎంత తేలికగా ఆనాలి, చిగుళ్ళ దగ్గర ఎంత సందు వదలాలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. విశాలాక్షి కళ్ళు మూసుకుని విన్నది. వింటున్నంతసేపూ ఆమె కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు గాలిలో కనిపించని కత్తిని పట్టుకుని కదులుతూనే ఉన్నాయి. చదవడం పూర్తయింది. ఆ వేళ్ళు ఇంకా కొంతసేపు కదిలి, ఆగాయి.

“పోనీలెండి టీచర్‌గారూ,” అని ఆమె లేచింది. “సోమవారం షిఫ్టు ఉండనే ఉంది.” చల్లగదిలో తొడుక్కునే లోపలి గ్లవ్స్ ఉతికి తడిగా ఉంటే, వాటిని తెచ్చి హీటరు మూత మీద ఆరవేసి, ఒక్కొక్క వేలునూ లాగి సరిచేసింది. ఏడ్చి ఉంటే చూడగలిగేదాన్ని. ఆ గ్లవ్స్ సరిచేయడం మాత్రం చూడలేకపోయాను.

ఏమి చేయాలో తెలియక కార్డును నా చేతిలోకి తీసుకున్నాను. మా రూప పాత కంప్యూటరు ఒకసారి మొరాయిస్తే జయదేవ్ ఏదో చిన్న పలకను బయటికి తీసి, దాని అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టడం చూశాను. ఆ అంచు బంగారు రంగులో, వరుస పళ్ళలాగా ఉంటుందని గుర్తు. ఈ కార్డుకూ ఆ అంచు ఉండాలి కదా అని తిప్పి, కిటికీ దగ్గరికి వెళ్ళాను. బయటి మంచు మీద పడిన వెలుగు గదిలోకి తెల్లగా వస్తోంది.

అంచు ఉంది. కాని కొసలలో నాలుగైదు గీతలు తప్ప తక్కినవి మెరవడం లేదు. వాటి మీద మట్టిరంగు పసుపుపచ్చని పొర ఎండి, సన్నగా పగుళ్ళు కట్టింది.

“విశాలాక్షీ, ఇది ఏమిటి?”

ఆమె వచ్చి చూసింది. “పసుపేనండి.”

“ఇక్కడా పెట్టావా?”

“బంగారం కదండీ,” అన్నది అమాయకంగా. “మా నాన్న కొత్త బంగారం ఏదైనా పసుపు రాయకుండా బల్ల దాటనిచ్చేవాడు కాదు. పైగా అది లోపలికి వెళ్ళే అంచు. గడపకు రాసినట్టే రాశాను. తడిపి, పల్చగా...” ఆమె మాట అక్కడ తెగింది. తన మాటే తనకు వినబడింది. కుర్చీ కోసం చేయి వెనక్కి చాపి, అందుకుని, కూర్చుంది.

దక్షిణామూర్తిగారు మోకాళ్ళ మధ్యనుంచి చేతులు బయటికి తీశారు. “అయితే నా స్వెట్టర్...”

“జయదేవ్ అడిగాడు కదా, మీద ఏమైనా పడ్డదా అని?” అన్నాను.

“పడలేదు కదండీ. పెట్టాను.”

ఆమె తప్పుకొనడానికి అన్న మాట కాదది. పూజను ఎవరూ కంప్యూటరుకు చేసిన మార్పుగా లెక్కపెట్టరు. నేను కూడా ఆ బొట్లను పొద్దుటినుంచి చూస్తూనే ఉన్నాను. చూసి, శుభమనే అనుకున్నాను.

సంచిలోనుంచి రబ్బరు తీశాను. పెన్సిలూ రబ్బరూ లేని సంచి నాకు ఇప్పటికీ వెలితిగానే తోస్తుంది. రుద్దబోతుంటే విశాలాక్షి నా మణికట్టు పట్టుకుంది.

“వద్దండీ. పని మొదలుపెట్టే రోజున పసుపు తుడవడమా? నా చేత్తో పెట్టింది, నా ముందే చెరపడమా?”

“లేకపోతే ఇది వెలగదు.”

“తెలుసండీ. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. వెలిగినా పని చెడుతుందేమో!”

గడియారం ఒకటి దాటి చాలాసేపయింది. దక్షిణామూర్తిగారు “ఓసినీ...” అని మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆగిపోయారు. ఆమెది మూఢత్వమని కొట్టిపారేయడం నాకు తేలికే. కాని కొట్టిపారేస్తే ఆ చేతులు వణుకుతాయి. వణికే చేతులతో ఆమె పన్ను చెక్కలేదు. తరగతిలో భయపడిన పిల్లకు లెక్క తప్పని చెప్పేముందు పలక ఎలా పట్టుకోవాలో చూపించవలసి వస్తుంది.

“నిన్న పూజ చేశావు కదా. ఉద్వాసన చెప్పావా?” అని అడిగాను.

ఆమె బిత్తరపోయి చూసింది. “లేదండీ. పొద్దున్నే హడావుడిగా ఈయన తీసి పట్టుకొచ్చేశారు.”

“వినాయకుడికైనా ఉద్వాసన చెప్పి, పీట కదిలించిన తరువాతనే కదా పత్రి తీస్తాము? పత్రి తీయడం అపచారమా? పూజ పూర్తి చేయడమే అది. నువ్వు ఇంకా పూజలోనే ఉన్న వస్తువును పనిలోకి దింపావు. అది ఎలా పని చేస్తుంది? ముందు పూజ పూర్తి చెయ్యి.”

విశాలాక్షి నన్ను పరీక్షగా చూసింది. ఓదార్పుకు కల్పించి చెబుతున్నానా అని తూకం వేస్తున్నట్టుంది. నేను కల్పించలేదు, ఆ వరుస అదే. ఆమె లేచి కాళ్ళు కడుక్కుని వచ్చింది. కార్డును తువ్వాలు మీద ఉంచి, నాలుగు అక్షతలు వేసి, పెదవులు కదిపి, తూర్పువైపు కొద్దిగా జరిపింది. తరువాత తానే చేయి చాపి నా దగ్గర రబ్బరు తీసుకుంది.

ఆ తరువాత ఆమె చేతులు ఆమెవి అయ్యాయి. రబ్బరుతో ఒక్కొక్క బంగారు గీతనూ పైనుంచి కిందికి మాత్రమే, అడ్డంగా కాకుండా, రుద్దింది. దీపం కోసం దాచుకున్న స్పిరిటును దూదిపుల్లకు అద్ది తుడిచింది. దూది పచ్చగా మారింది. ఇంకొకటి తీసుకుంది, అదీ మారింది. దూది తెల్లగా వచ్చేదాకా ఆగలేదు. మైనం పొడి దులిపే మెత్తని కుంచెతో గాడి లోపల పడిన రజను తీసింది. గీతలన్నీ మెరిశాయి.

“ఇప్పుడు మీరు పెట్టండి,” అన్నది భర్తతో.

“నేనా? మళ్ళీ?”

“మీరే.”

ఆయన స్వెట్టరు విప్పారు. చొక్కా కూడా విప్పారు. బనీనుతో వంటింట్లోకి వెళ్ళి, ఒంట్లోని స్టాటిక్ పోవాలని స్టీలు కుళాయిని రెండు చేతులా పట్టుకుని కాసేపు నిలబడి, కార్పెట్ తొక్కకుండా గోడవారగా నడిచి వచ్చారు. నవ్వవలసిన దృశ్యం. నవ్వలేదు ఎవరమూ.

కార్డు గాడిలో కూర్చున్నది. టక్. పవర్ వైరు. టక్. మానిటర్ వైరు కార్డుకు. స్విచ్చి.

నల్లతెర. ఇంకా నల్లతెర. తరువాత ఒక మూల తెల్లని అక్షరాలు మెరిసి మాయమై, ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అయితే బ్యారేజీ ఉబ్బి, గేట్లు గుమ్మాలంత అయ్యాయి. అక్షరాలు ఒక్కొక్కటి అరచేయంత ఉన్నాయి. సరిగ్గా అప్పుడే జయదేవ్ నుంచి ఫోను వచ్చింది.

“వెలిగిందా! ఏం చేసిన్రు?”

“పూజ పూర్తి చేశాము,” అన్నాను.

“ఆఁ?”

“తరువాత చెబుతాను. అక్షరాలు ఇంతింత ఉన్నాయి నాయనా, ఎందుకు?”

“కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేదు అత్తయ్యా. అది ఇన్‌స్టాల్ చేస్తే సెట్ అయితది.” ఎక్కడ నొక్కాలో చెప్పాడు. ఒక పచ్చని గీత ఎడమనుంచి కుడికి పాకసాగింది. సగం దాటిందో లేదో, తెర టక్కున నల్లబడింది.

విశాలాక్షి నోటినుంచి “అమ్మా” అనే శబ్దం వెలువడింది. దక్షిణామూర్తిగారి చేయి స్విచ్చి మీదికి వెళ్ళింది.

“ముట్టుకోకండి అంకుల్!” అని ఫోనులోనుంచి అరిచాడు జయదేవ్. “డ్రైవర్ ఎక్కేటప్పుడు అట్లనే పోతది. ఇప్పుడు ఆపితే మొత్తం ఖరాబైతది. చేయి తీయండి. తీసిన్రా?”

“తీశాను.”

“ఇంకా దూరం పోండి.”

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. ముగ్గురమూ ఆ నల్లదనం ముందు నిలబడ్డాము. హీటరు మూత మీద గ్లవ్స్ గాలికి కొద్దిగా లేచి పడుతున్నాయి. దేవుణ్ణి పంపించి పొరపాటు చేశామా అని విశాలాక్షి అనుకుంటూ ఉండాలి. నేను మాత్రం అదే అనుకున్నాను.

తెర వెలిగింది. బ్యారేజీ తన కొలతకు వచ్చింది. నీటి మీద పక్షులు కూడా కనిపించాయి. అవి ఆ ఫోటోలో ఉన్నాయని వాళ్ళకే తెలియదట.

సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. దవడ మొత్తం వచ్చింది. విశాలాక్షి మౌస్ కదిపితే దవడ ఆమె చెప్పినట్టు తిరిగింది. ఆమె కుర్చీ ముందుకు లాక్కుని పనిలోకి వంగింది.

పని నడిమిలో తెర అంతటా అడ్డచారలు పరుగెత్తాయి. జయదేవ్ చూపించమని, చూసి, కార్డు తన బరువుకు తానే కిందికి వాలుతోందని, కింద ఏదైనా ఊత పెట్టమని చెప్పాడు. దక్షిణామూర్తిగారు చెంచాలు, అగ్గిపెట్టెలు తెచ్చి కొలిచారు, ఏదీ సరిపోలేదు. విశాలాక్షి తెర మీదనుంచి చూపు తిప్పకుండానే, “అల్మరాలో మా నాన్న నోరుంది, అది పెట్టండి,” అన్నది. తండ్రి దవడకు ఆమె తీసిన ప్లాస్టరు నమూనా అది. దానిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపల నిలబెడితే అచ్చంగా సరిపోయింది. ఆ పెద్దాయన కార్డును నోట కరచుకున్నట్టు నిలిచిపోయారు. చారలు పోయాయి.

నేను సూచనలను ఒక్కొక్కటిగా మళ్ళీ చదివాను. ఆమె ఒక్కొక్కటిగా తలూపింది. నడిమి పన్నును చెక్కి, నున్నగా తీర్చి, మళ్ళీ దాని కొసను కొంచెం అరగదీసింది.

“బాగున్నదాన్ని ఎందుకు చెడగొడుతున్నావు?” అన్నాను, గడియారం చూస్తూ.

“అటూ ఇటూ పళ్ళు అరిగి ఉన్నాయండి. ఈయన పెద్దవాడు. మధ్యలో ఇదొక్కటి పెళ్ళికొడుకులా నిలబడితే, నవ్వినప్పుడల్లా అదే కనిపిస్తుంది.”

గడియారం పెద్దముల్లు పన్నెండును తాకబోతుండగా ఆమె మెయిల్ పంపింది. పంపిన తరువాత వేళ్ళు ముడిచి, విప్పి, వాటివైపే చూస్తూ కూర్చుంది.

“ఈసారి ఏ కార్డు కొన్నా బొట్టు డబ్బాకు పెట్టు,” అన్నారు దక్షిణామూర్తిగారు చొక్కా తొడుక్కుంటూ.

“మీరు ముందు స్వెట్టర్ వేసుకోండి. మైనస్ ముప్పై,” అన్నది. అప్పుడు నవ్వింది.

వారం తిరగకుండానే ల్యాబునుంచి పిలుపు వచ్చింది. ఆ నడిమి పన్నును అరగదీయమని సూచనలలో లేదు, ఎందుకు చేశావని యజమాని అడిగాడట. చెప్పిందట. చేరమన్నాడట. చల్లగది గ్లవ్స్‌ను ఆమె మంచు తవ్వేటప్పుడు వాడుకోమని మా రూపకు ఇచ్చింది. వేళ్ళకు తెలివి తిరిగి వచ్చిందా అని నేను ఎన్నడూ అడగలేదు. వేసవిలో ఒకనాడు మా వంటింట్లో సన్నజాజి మొగ్గలంత సన్నని చేగోడీలు చుడుతూ, “ఈ పిండిలో ఉప్పురవ్వ ఉందండి, వేలికి తగులుతోంది,” అన్నది. అంతటితో తెలిసింది.

ఏడాది తరువాత ఆ ల్యాబువారు పడమటి తీరాన ఉన్న సర్రీలో ఇంకొక శాఖ తెరిచి, విశాలాక్షిని అక్కడికి పంపారు. దక్షిణామూర్తిగారు అక్కడా గోదాము వెతుక్కున్నారు. ఇప్పుడు ఫోను చేసి కబుర్లు చెబుతుంది. వాన కబుర్లు, స్కైట్రెయిన్ రైలు కబుర్లు, కొత్త యంత్రాల కబుర్లు. ఏదీ అడగదు. ఆమె నన్ను చివరిసారి ఒకటి అడిగినది ఇక్కడ, ప్రయాణానికి ముందు.

నా పంటి వైద్యుడు పాత పై వరుస వదులైందని కొత్తదానికి రాసి ఇచ్చినప్పుడు, ఆ పని ఆమె ల్యాబుకే వెళ్ళింది. వైద్యుడి అనుమతి తీసుకుని ఆమె స్వయంగా వచ్చింది. కొత్త వరుస నా నోట అమర్చడం పూర్తి కాగానే కుర్చీ ఎదుటికి వచ్చి, బస్సు గదిలో చూసినట్టే, రెప్ప వేయకుండా నా నోటివైపు చూస్తూ నిలబడింది.

“ఏదీ, ఒక్కసారి శ ష స హ అనండి టీచర్‌గారూ,” అని అడిగింది.